పదిహేడో ఎక్కంలో పోయే సంఖ్య

ముప్పైమూడు కోట్ల ముప్పైమూడు లక్షల ముప్పైమూడువేల మూడువందల ముప్పైఒకటి. అంకెల్లో రాస్తే వరసగా ఎనిమిది మూడ్లు, చివర ఒక ఒకటి. దీన్ని పదిహేడుతో భాగిస్తే శేషం ఏమీ మిగలదు. ఎక్కాలు వచ్చినవాళ్లు ఎవరైనా ఒక్క నిమిషంలో చేసి చూసుకోవచ్చు. ఆ ఒక్క నిమిషం పని మా ఆఫీసు చేత చేయించడానికి మీటరక్కకు పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలలూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం మంట వాళ్ల మీద, సగం నా మీద.

మేమిద్దరం నీటి సరఫరా ఆఫీసులో మీటరు రీడర్లం. ఆమె నాకంటే పదకొండేళ్లు పెద్ద, ఉద్యోగంలో తొమ్మిదేళ్లు సీనియర్. ఆఫీసులో అందరూ మీటరక్క అనేవాళ్లు. నేను ఉత్త అక్కా అనేదాన్ని.

మా పని చెప్పడానికి తేలిక. ఇంటి ముందు గుంట మీద ఇనప మూత ఉంటుంది. కొక్కెం తగిలించి లేపాలి. మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి వంచి, బొద్దింకల్ని అదిలించి, అద్దం మీద బురద గుడ్డతో తుడిచి, టార్చి వేసి, అయిదంకెలు చదివి పుస్తకంలో రాసుకోవాలి. మళ్లీ మూత వేసి పక్కింటికి. రోజుకు ఎనభై గుంటలు. ఎనభై సార్లు కూర్చోవడం, ఎనభై సార్లు లేవడం. పాతికేళ్లు అలా చేస్తే మోకాళ్లు ఏమవుతాయో వేరే చెప్పాలా?

అక్క మాత్రం ఆ అయిదంకెల్ని ఊరికే రాసి ఊరుకునేది కాదు. ముందు విరగ్గొట్టేది. మూత వేస్తూ వేస్తూ, "నలభైవేల తొమ్మిదివందల యాభైఒకటి. ముప్పైఒకటో ఎక్కంలో పోతుంది చూశావా?" అనేది. ఇంకో గుంట దగ్గర, "ఇరవైవేల పదకొండు. ఇది ఎవరికీ లొంగదే అమ్మాయ్, గట్టి పిండం," అని మురిసిపోయేది. దేంతోనూ భాగం పోని అలాంటి సంఖ్యల్ని ప్రధాన సంఖ్యలంటారని బళ్లో నేనూ చదువుకున్నాను. పరీక్ష రాసేసి మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. ఆమె కాలేజీలో లెక్కల గ్రూపు తీసుకున్న ఏడు, ఆ గ్రూపులో చేరింది ఇద్దరే ఆడపిల్లలని సెక్షను ఎత్తేసి టైపు క్లాసులో కూర్చోబెట్టారట. "నా వేళ్లకి పని చెప్పారు గానీ బుర్రకి చెప్పడం మానేశారు. అందుకని నేనే చెప్పుకుంటున్నా," అనేది.

ఒకసారి పాత వారపత్రికలో ఎవరో రాసిన చిన్న ముక్క ఆమె కంట పడింది. 31 ప్రధాన సంఖ్య. 331 కూడా. 3331 కూడా. ముందు ఒక్కో మూడు చేర్చుకుంటూ పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆ ముక్క సారాంశం. ఇంకొకరైతే అబ్బో అనుకుని పేజీ తిప్పేస్తారు. అక్క నోటుపుస్తకం తీసింది. చిన్నవి ఇట్టే తేలాయి. ఏడు మూడ్ల మీద ఒకటి ఉన్న ఎనిమిదంకెల సంఖ్య దగ్గర మాత్రం వానాకాలం మొత్తం గడిచింది. దాన్ని తేల్చాలంటే అయిదువేల ఏడువందల డెబ్బైమూడు లోపున్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూడాలి. ఏడువందలకు పైగా భాగహారాలు. పొయ్యి మీద గిన్నె పెట్టి ఒకటి, బట్టలు ఆరేసి వచ్చి రెండు, అలా చేసింది. ఏదీ పోలేదు. ఆ ముక్క అంతవరకు నిజమే.

తర్వాత ఎనిమిది మూడ్ల దాన్ని అందుకుంది. ఈసారి ఏడాది పడుతుందనుకుని కొత్త నోటుపుస్తకం కూడా కొనుక్కుంది. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు. పోలేదు. పదిహేడు. పోయింది! శేషం సున్నా. కొత్త పుస్తకంలో మొదటి పేజీ కూడా నిండలేదు. అక్క పగలబడి నవ్వుతుంటే, వసారాలో తాళంచెవులు అరగదీసుకుంటున్న బావ లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఆయనది తాళాలు బాగుచేసే పని.

"ఏమైందే?"

"ఏడో చెవికే తెరుచుకుందండీ!"

మర్నాడు పంపుహౌసు మెట్ల మీద క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు నాకు చెప్పింది.

"పదిహేడుతో భాగిస్తే ముప్పైఒకటికి పద్నాలుగు మిగులుతుంది కదా. ఆ మిగిలినదాన్ని పదితో గుణించి, ఇరవైఒకటి కలిపి, మళ్లీ పదిహేడుతో భాగించు. తర్వాతి సంఖ్య శేషం వచ్చేస్తుంది. పద్నాలుగు, ఎనిమిది, పదహారు, పదకొండు, పన్నెండు, అయిదు, మూడు. ఏడు సార్లు తప్పించుకుంది. ఎనిమిదోసారి సున్నా. దొరికిపోయింది!"

"పోనీలే అక్కా, ఒక్కటేగా తప్పింది."

"ఒక్కటేమిటే? అక్కణ్ణించి ప్రతి పదహారో దాన్నీ ఇదే పదిహేడు పట్టుకుంటుంది. అదలా ఉంచు, వరసలో మొదట నిలబడ్డ ముప్పైఒకటే పదహారోదాన్ని నిలువునా చీలుస్తుంది. ఈ వరస ఎప్పుడో ఒకప్పుడు విరగాల్సిందే. పుట్టుకలోనే ఉంది దానికి."

నేను తల ఊపాను. సగం చెవికెక్కింది, సగం ఎక్కలేదు. కానీ పదిహేడు అనే మాట మాత్రం బాగా గుర్తుండిపోయింది. అది గుర్తుంచుకోండి, నేను గుర్తులేదని అబద్ధమాడను.

ఆ తర్వాత ఆరు నెలలకు ఇన్‌స్పెక్టర్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు. డిపార్ట్‌మెంటు పరీక్షలో వందకు అరవై వస్తే అర్హత. అర్హుల్లో సీనియర్‌కు ఉద్యోగం. అంటే అక్కకు అరవై వస్తే చాలు, ఇంకెవరికి తొంభై వచ్చినా కుర్చీ ఆమెదే. ఇన్‌స్పెక్టరంటే కొక్కెం పట్టుకోనక్కర్లేదు, గుంట ముందు కూర్చోనక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చుని మేము తెచ్చిన పుస్తకాలు సరిచూస్తే చాలు. అప్పటికి అక్క లేవాలంటే గోడో గేటో పట్టుకునే లేస్తోంది.

పరీక్షలో నలభైమూడో ప్రశ్న చదవగానే నాకు పంపుహౌసు మెట్లు గుర్తొచ్చాయి. "31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331 ప్రధాన సంఖ్యలు. ఈ వరసలో తర్వాతిదైన 333333331 ప్రధాన సంఖ్య అవునా? కాదా?" నీళ్ల మీటర్లు చదివేవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో నన్నడగకండి. మేధాశక్తి పరీక్ష అట. రెండు బల్లల అవతల అక్క వీపు కనిపిస్తోంది. ఆ వీపు చూస్తేనే తెలిసిపోయింది, లోపల పండగ చేసుకుంటోందని.

నాకు జవాబు తెలుసు. అయినా ప్రశ్న అడిగిన తీరు చూస్తే వాళ్లకేం కావాలో కూడా తెలిసిపోతోంది. వరస చూపించి, చూశావా ఎంత ముచ్చటగా ఉందో అని అడుగుతున్నారు. కాదంటే వాళ్లకు నచ్చదు. నేను "అవును" అని టిక్కు పెట్టాను. తెలిసే పెట్టాను.

నోటీసు బోర్డు మీద ఫలితాలతోపాటు సరైన జవాబుల పట్టికా అంటించారు. నలభైమూడు: అవును. నాకు సరిగ్గా అరవై. అక్కకు యాభైతొమ్మిది. నా తర్వాత అర్హత వచ్చినవాళ్లంతా నాకంటే జూనియర్లు. కుర్చీ నాకొచ్చింది.

అక్క బోర్డు ముందు ఎంతసేపు నిలబడిందో! ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఏం పెట్టావే?" అంది.

"అవునని."

"మరిచిపోయావా?"

మరిచిపోయానని అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు. నేల చూపులు చూశాను. ఆమెకు అర్థమైంది. సూపరింటెండెంట్ గది వైపు నడిచింది. తిట్టినా బావుండేది.

సూపరింటెండెంట్ మంచివాడే అని పేరు. ఎవరినీ కసరడు, ఎవరి పనీ చెయ్యడు. ఆరోజు ఆయన బల్ల ముందు నేనూ నిలబడ్డాను, చేరిక కాగితాల మీద సంతకం కోసం.

"నలభైమూడో ప్రశ్న జవాబు తప్పు సార్. పదిహేడుతో భాగించి చూడండి," అంది అక్క.

"నిపుణులు తయారుచేశారమ్మా."

"నిపుణులైనా పదిహేడు పదిహేడే కదా సార్. ఒక్క నిమిషం పడుతుంది."

ఆయన నిట్టూర్చి సొరుగులోంచి చిన్న క్యాలిక్యులేటర్ తీశాడు. చేతి ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు అవి. ఒక్కో మూడూ నొక్కాడు. భాగించాడు. మొహం వెలిగిపోయింది.

"ఇదిగో చూడు. పంతొమ్మిది లక్షల అరవైవేల ఏడువందల ఎనభైనాలుగు పాయింటు రెండు. పాయింటు వచ్చిందిగా? పోలేదుగా?"

అక్క ఆ డబ్బాలోకి తొంగి చూసింది. "సార్, ఇందులో ఎనిమిదంకెలే పడతాయి. సంఖ్యకి తొమ్మిదున్నాయి. చివరి ఒకటి ఎక్కలేదు. మీరు భాగించింది వేరే సంఖ్యని."

"మిషన్ తప్పు చెప్తుందా అమ్మా?"

"మిషన్ తప్పు చెప్పలేదు సార్. మీరు దాన్ని తప్పు అడిగారు. కాగితం మీద చెయ్యండి."

"నాకు వేరే పని లేదా?" అన్నాడాయన, మంచివాడు గనక మెల్లగానే. ఆ తర్వాత నా కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆ పెన్నుతో, అంతే సమయంలో, ఆ భాగహారం అయిపోయేది.

అక్క అర్జీ రాసింది. భాగహారం మొత్తం అందులో వేసి, కింద భాగఫలం పంతొమ్మిది లక్షలు కాదు, ఒక కోటి తొంభైఆరు లక్షల ఏడువేల ఎనిమిదివందల నలభైమూడు అని నొక్కి మరీ రాసింది. నెలన్నరకు జవాబొచ్చింది. "ప్రశ్నపత్రం విషయ నిపుణులచే రూపొందించబడినందున తమ అభ్యర్థన పరిశీలనార్హం కాదని తెలియజేయడమైనది." తెలియజేయడమైనదట! భాగహారం పక్కన ఎవరి పెన్సిలు గుర్తూ లేదు. చదివితే కదా ఉండడానికి. అక్క ఇంకో అర్జీ పెట్టింది. దానికి అదే జవాబు, తేదీ మాత్రం మార్చి. మూడోదానికి జవాబే లేదు.

ఇంతలో ఆ నిపుణుడెవరో తెలిసింది. రిటైరైన ప్రొఫెసర్. ఇల్లు అక్క చదివే వీధుల్లోనే ఉంది. నాలుగేళ్లుగా ప్రతి నెలా ఆయన గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయన మీటరు చదువుతున్నది ఆమే. ఆ నెల కూడా చదివింది, రాసుకుంది, మూత వేసింది. గేటు పట్టుకుని లేచి, వరండాలో పేపరు చదువుకుంటున్న ఆయనకు నమస్కారం పెట్టింది. ఈ సంగతంతా తర్వాత ఆమే నాకు చెప్పింది.

"సార్, మీ నలభైమూడో ప్రశ్నకి జవాబు రాసినదాన్ని నేను."

ఆయన ఆప్యాయంగానే నవ్వాడట. "ముప్పైఏళ్లు పాఠం చెప్పానమ్మా ఆ వరసని. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. అందం అంటే అదీ."

"ఏడు సార్లు నిజమైందని ఎనిమిదోసారీ నిజమవుతుందని ఎవరు రాసిచ్చారు సార్? పదిహేడుతో పోతోంది."

"చూడమ్మా, నువ్వు మీటర్లు చదువుతావు. మంచి పని. ఎవరి పని వాళ్లు చేసుకుంటే లోకం సజావుగా నడుస్తుంది."

"అంకెలు చదవడమే సార్ నా పని. మీరు చదవలేదు."

అంతే అంది. ఒక్క ముక్క ఎక్కువ అనలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే అనాలనుకున్నవన్నీ నా దగ్గరకొచ్చి అంది. ఆయన లేచి లోపలికి వెళ్లాడు. కాగితం, పెన్సిలు తెస్తాడనుకుని ఆవిడ మెట్టు మీద ఎదురుచూసింది. లోపల్నించి గడియ పడిన చప్పుడైంది.

మూడో రోజు మెమో వచ్చింది. విధి నిర్వహణలో వినియోగదారుని వేధించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. వేధించడం! ముప్పైఏళ్లు పిల్లలకు తప్పు నూరిపోసినవాడు వేధించినట్టు కాదు, పదిహేడుతో భాగించండి అన్న ఆడమనిషి వేధించినట్టు. అక్కడితో ఆగలేదు. ఆమె వీధులు మార్చి గోదాముల వైపు వేశారు. అక్కడ మూతలు లారీ చక్రాలకు తట్టుకునే రకం, ఇద్దరు మగాళ్లు కలిసి లేపాలి. ఆమె ఒక్కతే గడ్డపార దూర్చి, పక్కకు జరిపి, చదివేది. సాయంత్రం పుస్తకం నా బల్ల మీద పెట్టేటప్పుడు అరచేతుల్లో బొబ్బలు కనిపించేవి. నేను ఫ్యాను కింద కూర్చుని సరిచూసేదాన్ని. ఒక్క అంకె తప్పుండేది కాదు. ఆ పుస్తకం ముట్టుకోవాలంటేనే నాకు సిగ్గుగా ఉండేది. అయినా ముట్టుకున్నాను, టిక్కులు పెట్టాను, జీతం తీసుకున్నాను.

సంజాయిషీ విచారణ ఒక మంగళవారం పొద్దున్న పెట్టారు. బల్లకు అటు సూపరింటెండెంట్, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి, పంపుల విభాగం ఇంజనీరు. ఇంజనీరు ఎప్పుడూ నూనె మరకల చొక్కాతో ఉండే మనిషి. కోరం కోసం పిలిచారు, అంతే. ఫైళ్లు అందించడానికి నన్ను నిలబెట్టారు.

"క్షమాపణ రాసిచ్చెయ్యమ్మా, ఫైలు మూసేద్దాం," అన్నాడు అధికారి.

"రాస్తాను సార్. కాగితం ఇవ్వండి."

సూపరింటెండెంట్ హాయిగా ఊపిరి పీల్చుకుని తెల్లకాగితం జరిపాడు. అక్క నిలబడే రాసింది. మూడు నిమిషాల తర్వాత వెనక్కి జరిపింది. అందులో క్షమాపణ లేదు. నడిమధ్యన చక్కగా గీత గీసి చేసిన భాగహారం ఉంది.

"ఏమిటిది?" అధికారి గొంతు లేచింది. "ఇక్కడ సమస్య లెక్క కాదమ్మా. నీ ప్రవర్తన!"

"నా ప్రవర్తన ఆ లెక్క వల్లే వచ్చింది సార్. లెక్క తప్పయితే కాళ్లు పట్టుకుంటాను. ఒప్పయితే ఎందుకు పట్టుకోవాలి?"

అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న ఇంజనీరు చెయ్యి చాచాడు. "ఏదీ, ఇలా ఇవ్వండి." చదివాడు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివాడు. ఆయన చూపు ఎందుకో నా మీద పడింది. "అమ్మా, మీరు ఇన్‌స్పెక్టరు కదా? సరిచూడడమేగా మీ పని? ఈ భాగఫలాన్ని పదిహేడుతో గుణించి గట్టిగా చదవండి. ఈవిడ చేసింది ఈవిడే చూడడం బాగోదు."

ఆ గదిలో ఆ గుణకారం వల్ల నష్టపోయే మనిషి నేనొక్కదాన్నే. అక్క నన్ను చూడలేదు. గోడ మీద పైపులైన్ల పటం చూస్తోంది.

పెన్సిలు తీసుకున్నాను. ఏడు మూళ్లు ఇరవైఒకటి, ఒకటి వేసి రెండు పైన. ఏడు నాలుగులు ఇరవైఎనిమిది, రెండు ముప్పై. ఒక్క చోట మూడు బదులు రెండు వేస్తే చాలు. ఎవరు చూస్తారు? ఎవరికి కావాలి? నిజంగా ఆ ఆలోచన వచ్చింది, దాచను. ఏడుతో గుణించిన వరస అయింది, కింద ఒకటితో గుణించిన వరస ఒక గడి జరిపి వేశాను, కూడడం మొదలుపెట్టాను. ఒకటి. మూడు. పదమూడు, మూడు వేసి ఒకటి పైన. మళ్లీ పదమూడు. మళ్లీ పదమూడు. కాగితం మీద మూడ్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. నేను వెయ్యకుండానే పడుతున్నట్టనిపించింది. తప్పు వెయ్యడానికి చెయ్యి రాలేదు.

"చదవండి," అన్నాడు ఇంజనీరు.

"ముప్పైమూడు కోట్ల ముప్పైమూడు లక్షల ముప్పైమూడువేల మూడువందల ముప్పైఒకటి."

ఇంజనీరు కాగితం బల్ల మధ్యలో పెట్టి, "పోతోందండీ. ప్రధాన సంఖ్య కాదు. దీనికి ఏడాది ఎందుకు పట్టింది?" అన్నాడు.

అంతటితో అయిపోయిందనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. పెద్దవాళ్ల తప్పు అంత తేలిగ్గా ఒప్పుదలకు రాదు. రెండు వారాలకు ఒక ఉత్తర్వు తయారైంది. జవాబుల పట్టిక అలాగే ఉంటుంది. ప్రొఫెసర్‌గారి గౌరవానికి భంగం రాదు. మీటరక్క సుదీర్ఘ సేవను దృష్టిలో ఉంచుకుని దయతో ఒక మార్కు కలుపుతారు. ఆమెకోసం అదనంగా ఒక ఇన్‌స్పెక్టర్ కుర్చీ వేస్తారు. మెమో రద్దు. సంతకం పెడితే చాలు.

అక్క సంతకం పెట్టనంది.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని, వేడి నీళ్లలో ముంచిన గుడ్డ మోకాలి మీద వేసుకుని ఉంది. బావ వసారాలో ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టెయ్యక్కా," అన్నాను. "నీకూ కుర్చీ, నాకూ కుర్చీ. ఎవరికీ నష్టం లేదు. ఇంకేం కావాలి నీకు?"

"దయతో అని రాశారే. చూశావా? పదిహేడు నా మీద దయతలిచి పోయిందా?"

"మాటలో ఏముందక్కా? మోకాళ్లు చూసుకో!"

"మోకాళ్లు చూసుకునే అంటున్నా. ఈ మోకాళ్లు అరిగింది దయ కోసం కాదు. ఒక్క అంకె తప్పు రాస్తే మనకి మెమో ఇస్తారు. తొమ్మిదంకెలు తప్పు చదివినవాడికి గౌరవం, ఒప్పు చదివినదానికి దయ. అంటే ఏంటి? తప్పు వాళ్ల సొంతం, ఒప్పు నాకు వాళ్లు పడేసే ముష్టీనా?" మోకాలి మీద గుడ్డ జారి కింద పడింది. "పట్టిక మార్చమను. మార్కు అదే వస్తుంది."

"పట్టిక మారిస్తే నాకు యాభైతొమ్మిది, అక్కా."

"తెలుసు," అంది. "నాకేం సంతోషం కాదే. కానీ నీ కుర్చీ కోసం ఆ సంఖ్యని నేను మార్చలేను. నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు."

గుమ్మం దాటుతుంటే బావ నా వెంట వచ్చాడు. "పది రోజులుగా నేనూ చెప్పి చూశానమ్మా. మీ అక్క ఆ విషయంలో మాట వినదు. నిజం చెప్పాలంటే, వింటే నాకూ నచ్చేది కాదు," అన్నాడు.

ఇంటికి వెళ్తూ దారిపొడవునా ఆమెను తిట్టుకున్నాను. మొండిది, తన కడుపు తాను చూసుకోదు, ఎదుటివాళ్ల కడుపు కొడుతుంది అని. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆమె గోదాముల నుంచి తెచ్చిన పుస్తకం సరిచూస్తున్నాను. ఒక అంకె మీద మట్టి వేలిముద్ర పడింది. అది సరిగ్గా కనపడదేమోనని, పక్కనే మళ్లీ శుభ్రంగా రాసింది. అంతే. అది చూసేసరికి నా కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ల మీదికి మళ్లింది. తెల్లకాగితం తీసి రాశాను: "నలభైమూడో ప్రశ్నకు నేను తెలిసీ తప్పు జవాబు గుర్తించాను. నా మార్కు తీసెయ్యమని, పట్టిక సరిదిద్దమని కోరుతున్నాను." సూపరింటెండెంట్ అది చదివి, నాకు జ్వరం గానీ వచ్చిందా అని అడిగాడు.

ఇంజనీరు కూడా ఊరుకోలేదు. విచారణ నివేదిక మీద తన సంతకం కావాలంటే పట్టిక మార్చాల్సిందేనని పట్టుపట్టాడు. కాగితాలు పైకీ కిందికీ తిరిగి, చివరకు ఒక మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. పట్టిక మారింది. అక్కకు అరవై, నాకు యాభైతొమ్మిది. సంతకం కోసం అక్కను పిలిచారు. గోదాముల నుంచి అలాగే వచ్చింది, కాళ్లకు బురదతో. కుర్చీ చూపించినా కూర్చోకుండా చదవడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. మొహం జేవురించింది.

"ఇదేంటి సార్? 'సదరు సంఖ్య ప్రధాన సంఖ్య కాదని ఇందుమూలంగా నిర్ణయించడమైనది.' నిర్ణయించడమైనదా?"

"అవునమ్మా. నువ్వు అడిగిందేగా?"

"ఎవరు నిర్ణయించారు సార్? మీరా? మీరు నిర్ణయించేదాకా అది ఏమై ఉందట? రేపు ఇంకో అధికారి వచ్చి ప్రధాన సంఖ్యేనని నిర్ణయిస్తే అయిపోతుందా?" బల్ల మీది పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన "గుర్తించడమైనది" అని గుండ్రంగా రాసింది.

సూపరింటెండెంట్ మొదటిసారి గొంతు పెంచాడు. "ఉత్తర్వు మీద కొట్టివేతలు కుదరవు!"

"అయితే మళ్లీ టైపు చేయించండి. నాకు టైపు వచ్చు. కావాలంటే నేనే చేసిపెడతాను."

ఆయన చేయించలేదు, ఆమే చేసింది. మిషన్ ముందు కూర్చుని, ఒక్క తప్పు లేకుండా, అయిదు నిమిషాల్లో. అధికారి సంతకం కోసం కాగితం మళ్లీ పైకి వెళ్లి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమె గోదాముల మూతలు లేపుతూనే ఉంది. నేను కూడా కుర్చీ వదిలేసి, నా కొక్కెం, టార్చి, గుడ్డ స్టోరు నుంచి తీసుకుని, ఆమె వెనకాల గడ్డపార రెండో కొస పట్టుకోవడానికి వెళ్లాను.